పనిచోట పరభాష
(మేళ్లచెరువులో చేసిన ఉపన్యాసము)



శివరాత్రి జాతరకు పేరొందిన యీ మేళ్లచెరువు నేడు సిమెంటునకును పేరొందినది. రాయి మన నేలలోనిదే. కాని ఫాక్టరీ గేటు దాటిన కార్మికుని చేతికి వచ్చు కాగితము తరచుగా ఇంగ్లీషున నుండును.

ఒక యువకుడు మాయొద్దకు అట్టి కాగితమును తెచ్చెను. సెలవుచీటీ యని చెప్పగా సంతకము చేసెనట. చదివిచూడగా అది రాజీనామా! తొమ్మిదేండ్ల కొలువు రెండు పంక్తులలో ముగిసినది. అతడు నిరక్షరుడు గాడు. తెలుగున పదవ తరగతి చదివినవాడు. "సారూ, అడుగున నా పేరు రాసే జాగ ఒక్కటే నాకు తెలిసింది" అని యనెను. ఆ మాటకు బదులు చెప్పలేకపోతిమి.

ఈ బాధ మనకు క్రొత్తది గాదు. నిజాం పాలనలో కచేరీల భాష ఉర్దూ. అర్జీలో నేమున్నదో యెరుగకయే మన తాతలు వేలిముద్ర వేసిరి. 1921 నవంబరున హైదరాబాదు సభలో తెలుగున మాటలాడిన వక్తను ఎగతాళి చేయగా, ఆ యవమానమునుండియే ఆంధ్రజనసంఘము పుట్టినది. అయినను ఆనాటి పెద్దలు ఉర్దూను ద్వేషింపలేదు. బూర్గుల రామకృష్ణారావుగారు ఉర్దూ పారసీలలో పండితులై, న్యాయవాదవృత్తి నడపుచునే తెలుగు కొరకు పాటుపడిరి.

కావున ఇంగ్లీషు వలదని మేమనము. రాజ్యాంగము 348వ అధికరణము ననుసరించి హైకోర్టు భాష అదియే; మా జీవనమును దానిమీదనే నడచుచున్నది. యంత్రపు పుస్తకము చదువుటకు, పైయుద్యోగమునకు పోవుటకు అది కావలసినదే. వ్యాకరణమునకు జడియనక్కరలేదు. లాగుబుక్కున దినమునకు మూడు వాక్యములు వ్రాసిన చాలును, ఏడాదికి చేయి తిరుగును.

అయితే నేర్చులోపల ప్రాణమునకు, కొలువునకు పూచీ యెవరు? 1948 నాటి ఫాక్టరీల చట్టము 108వ సెక్షను, ప్రకటనలు ఇంగ్లీషుతోపాటు అధికసంఖ్యాక కార్మికులకు తెలిసిన భాషలోను ఉండవలెనని విధించినది. చట్టములు మారినను ఆ న్యాయము పాతబడలేదు. బీహారునుండి వచ్చిన కూలికి తెలుగు ప్రకటన ఇంగ్లీషంత చీకటియే. అతని హిందీయు ప్రక్కన నుండవలెను. సంతకము కోరు ప్రతి కాగితమునకును ఇదే పద్ధతి కావలెనని మా కోరిక.

ఆదివారము సాయంకాలములందు మేమిచ్చటనే కూర్చుందుము. సంతకమునకు ముందే కాగితము తెండు. తరువాత తెచ్చినచో మా చేతిలో నుండునది స్వల్పము. ఆ యువకుని వ్యవహారము ఇంకను తేలలేదు. దస్తావేజులన్నియు ఇంగ్లీషుననే యున్నవి. ప్రతి వాయిదాకు ముందును అతనికి తెలుగున చదివి వినిపించుచున్నాము.