తేట నీరు – మెదడులోని కావలి



త్రాగినంతనే కడుపు నొప్పించు నీటిని మనము మరల ముట్టము. తేటగా నుండి, ఏండ్లు గడచినగాని గుణము బయటపెట్టని నీటిని మాత్రము అనుమానింపము. ఫ్లోరిన్ అను మూలకము ఫ్లోరైడ్ రూపమున హెచ్చుగా కరిగియున్న నీరు అట్టిది.

దర్శి, పొదిలి, కనిగిరి ప్రాంతముల వారికి ఈ మాట క్రొత్త కాదు. కాడి మోయు ఎడ్లు అడుగు వేయలేక కుంటుటను అచ్చటి రైతులే ముందుగా గమనించిరని చెప్పుదురు. మనుష్యుల నడుములును, మోకాళ్ళును అట్లే బిగిసిపోయెను. 1937లో షార్ట్, పండిట్, రాఘవాచారి మున్నగు శాస్త్రజ్ఞులు దీనికి బావినీటిలోని ఫ్లోరైడే కారణమని వెల్లడించిరి. మన దేశమున ఫ్లోరోసిస్ వ్యాధిని గుర్తించుట అదియే ప్రథమము. ఆ తాలూకాలు అప్పుడు నెల్లూరు జిల్లాలోనివి. 1970లో ఏర్పడి, 1972లో ప్రకాశం పేరు దాల్చిన జిల్లాలో పిదప చేరినవి.

పండ్లపై గార, ఎముకల బిగువు కంటికి కనబడును. నేటి శాస్త్రజ్ఞులు కంటికి కానరాని మెదడును పరిశీలించుచున్నారు. మెదడులో నాడీకణములకు కావలికాయు చిన్న కణములు కలవు. స్పెయిన్ దేశీయుడగు రియో ఒర్తేగా 1919లో వీనికి మైక్రోగ్లియా అని పేరిడెను. ఇవి సన్నని కొమ్మలు చాచి చుట్టుపట్ల తడవి చూచును. చచ్చిన కణములను తొలగించును. ఎదుగు పిల్లల మెదడులో అక్కరలేని నాడీబంధములను కత్తిరించును.

జొన్నచేని మంచెపై కావలివాడు పిట్టలను తోలుటకు వడిసెల విసరుట మేలే. పిట్ట లేకున్నను రేయింబవళ్ళు విసరినచో కంకులే రాలును. మైక్రోగ్లియా రేగి, సైటోకైన్లను చిరకాలము వెలువరించినచో నాడీకణములకు అట్టి హానియే కలుగును. ఫ్లోరైడ్ త్రాగించిన ఎలుకల మెదడులో ఈ రేగుట కనబడినది. వానికిచ్చిన మోతాదు మన బావులలోని దానికంటె చాల హెచ్చు గనుక, మనకును అట్లే జరుగునని అప్పుడే తీర్పు చెప్పరాదు. అయినను పిల్లలను గూర్చి వేరు సాక్ష్యము కలదు. నీటిలో ఫ్లోరైడ్ లీటరునకు 1.5 మిల్లీగ్రాములకు మించుటకును, పిల్లల బుద్ధిసూచిక తగ్గుటకును సంబంధము కలదని అమెరికా జాతీయ విషశాస్త్ర కార్యక్రమము 2024లో మధ్యస్థ విశ్వాసముతో తేల్చినది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ విధించిన హద్దును ఆ 1.5 మిల్లీగ్రాములే. కాని ఎండలో పత్తి తీయువారును, మిరపకాయలు కోయువారును దినమునకు నాలుగైదు లీటర్లు త్రాగవలసివచ్చును. రెండు లీటర్లు త్రాగు వానికంటె రెట్టింపు ఫ్లోరైడ్ వారి ఒంటిలో చేరును.

కాచినంత మాత్రమున ఫ్లోరైడ్ పోదు. నీరు ఆవిరియైన కొలది మిగిలినదానిలో చిక్కబడును. పటిక, సున్నము కలిపి తేర్చు నల్గొండ పద్ధతియు, వాననీటి నిలువయు, కాలువనీటితో నింపిన చెరువును తగిన మార్గములు. తల్లిపాలలో ఫ్లోరైడ్ అతిస్వల్పము. పోతపాలను బోరునీటితో కలిపినచో ఆ భారమంతయు బిడ్డపై పడును.

కావున మీ బావినీటిని, బోరునీటిని పరీక్ష చేయించి, ఆ అంకెను తెలిసికొనుడు. ఇంటికి వచ్చు మంచినీటి బిందెలో మొదటి భాగము గర్భిణికిని, పసిబిడ్డకును ఉంచుడు.