పసిబిడ్డల దద్దుర్లు – మన కాలనీల బాధ్యత

(సమాఖ్య ఆధ్వర్యంలో జరిగిన రైల్వే, తపాలా ఉద్యోగ కుటుంబాల ఆరోగ్య సదస్సులో సమాఖ్య కార్యదర్శి చేసిన ప్రసంగ పాఠం)



కరువు భత్యం, ఖాళీల భర్తీ, పింఛను – వీటిని గురించి మాట్లాడుకునే వేదిక మీద చంటిపిల్లల చర్మవ్యాధుల ప్రస్తావన ఏమిటని కొందరికి అనిపించవచ్చు. మూడు దశాబ్దాలుగా సంఘం పనిలో ఉన్న నాకు అలా అనిపించడం లేదు. శాఖా కార్యాలయానికి సభ్యులు తెచ్చే బాధలు రెండు రకాలు. ఒకటి, మినిట్స్ పుస్తకంలోకి ఎక్కేవి. రెండవది, సమావేశం ముగిసి అందరూ లేచిన తరువాత, తలుపు దగ్గర నిలబడి మెల్లగా చెప్పేవి. బిడ్డ ఒంటినిండా దద్దుర్లు లేచాయి, కారణం తెలియదు, ఇంటిల్లిపాదికీ రాత్రిళ్లు నిద్ర లేదు అన్నది ఈ రెండవ రకం బాధ. దానిని కూడా మినిట్స్ పుస్తకంలోకి ఎక్కించాలన్నదే ఈనాటి నా ప్రసంగ సారాంశం.

నేను వైద్యుణ్ణి కాను. వైద్యశాస్త్రంలో స్థిరపడిన విషయాలను, సంఘం పనిలో నేను చూసిన విషయాలను మీ ముందు ఉంచుతాను.

అన్ని దద్దుర్లూ ఒకటి కావు

పుట్టిన రెండు మూడు రోజులలో శిశువు ముఖంపైన, ఛాతీపైన ఎర్రని మచ్చలు, వాటి నడుమ తెల్లని చిన్న పొక్కులు లేవడం చాలా సాధారణం. నెలలు నిండి పుట్టిన బిడ్డలలో దాదాపు సగం మందికి ఇవి వస్తాయి. ఏ మందూ లేకుండానే ఒకటి రెండు వారాలలో పోతాయి. వేసవిలో స్వేదరంధ్రాలు మూసుకుపోయి లేచే చెమటకాయలకు గాలి, చల్లని స్నానం, పలుచని నూలు బట్ట – ఇవే మందు. తడిగుడ్డ ఎక్కువసేపు ఉంచితే తొడల సందున చర్మం ఒరుసుకుపోతుంది. బుగ్గల మీద మొదలై మోచేతి, మోకాలి మడతలకు పాకే పొడి దురదను ఎగ్జిమా అంటారు. ఉబ్బసం, అలర్జీ ఉన్న కుటుంబాల బిడ్డలలో ఇది ఎక్కువ. తల్లి తిన్న తిండి పడలేదని చెప్పి, బాలింతకు పప్పు, గుడ్డు, కూరలు మాన్పించే ఇళ్లు మనలో అనేకం. వైద్యుడు పరీక్షించి చెప్పకుండా పాలిచ్చే తల్లి ఆహారంలో కోత పెట్టడం తల్లికీ బిడ్డకూ అన్యాయం.

ఆలస్యానికి తావు లేని దద్దుర్లూ ఉన్నాయి. జ్వరంతో పాటు ఎర్రని లేక ఊదారంగు చుక్కలు లేచి, గాజుగ్లాసుతో నొక్కినా వాటి రంగు మాయకపోతే, ఆ క్షణమే ఆసుపత్రికి వెళ్లాలి. పొక్కులు చిట్లి చర్మం ఊడుతున్నా, పెదవులు వాచి ఊపిరి కష్టమైనా, మూడు నెలల లోపు బిడ్డకు జ్వరం వచ్చినా, బిడ్డ పాలు తాగక మగతగా పడి ఉన్నా తెల్లవారే దాకా ఆగరాదు. జ్వరం, దగ్గు, కళ్ల ఎరుపు వచ్చిన తరువాత దద్దుర్లు లేస్తే అది తట్టు కావచ్చు. అమ్మవారు పోసిందని ఇంట్లోనే ఉంచుకుంటే తట్టు న్యుమోనియాకు దారితీసి ప్రాణం తీయగలదు. దీని నివారణకు 9 నుండి 12 నెలల మధ్య ఒక టీకా, 16 నుండి 24 నెలల మధ్య మరొకటి ప్రభుత్వం ఉచితంగా వేస్తున్నది. మన పిల్లలలో ఒక్కరు కూడా వీటిని తప్పిపోరాదు.

తగ్గినట్టే తగ్గి తిరిగివచ్చే దురద

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. మన క్వార్టర్లలో నెలల తరబడి ‘కారణం తెలియనిది’గా మిగిలిపోయే దద్దుర్లలో ముందుగా అనుమానించవలసినది గజ్జి. ఈ మాట పలకడానికి మనకు సిగ్గు. ఆ సిగ్గే దానికి పెట్టని కోట.

గజ్జిని కలిగించేది మిల్లీమీటరులో సగం కూడా లేని ఒక పురుగు. ఆడపురుగు చర్మంలో సన్నని సొరంగం తవ్వి రోజుకు రెండు మూడు గుడ్లు పెడుతుంది. పెద్దవారిలో ఇది వేళ్ల సందులలో, మణికట్టు దగ్గర, నడుము చుట్టూ కనిపిస్తుంది. పసిబిడ్డలలో అలా కాదు. అరచేతులు, అరికాళ్లు, తల, మెడ, ముఖం – పెద్దల గజ్జిలో సాధారణంగా కనిపించని చోట్ల పొక్కులు లేస్తాయి. కాబట్టి ఇంట్లోవారు దీనిని చెమటకాయలుగానో, వేడి చేయడంగానో, పళ్లు వచ్చే ముందు లక్షణంగానో పొరబడతారు. దురదకు నోటితో చెప్పలేని బిడ్డ రాత్రంతా ఏడుస్తుంది, పాలు సరిగా తాగదు, బరువు పెరగదు.

మరొక సంగతి గమనించండి. మొదటిసారి ఈ పురుగు సోకినవారికి వెంటనే దురద పుట్టదు. నాలుగు నుండి ఆరు వారాలు పట్టవచ్చు. ఆ కాలమంతా ఆ మనిషి ఆరోగ్యంగానే కనిపిస్తూ, బిడ్డను ఎత్తుకుని, పక్కలో పడుకోబెట్టుకుని, పురుగును అంటిస్తూనే ఉంటాడు. అందువల్ల ఒక్క బిడ్డకే మందు పూసిన ఇంట్లో గజ్జి తిరిగి రావడం తథ్యం.

నేను బాధ్యుడిగా ఉన్న ఒక డివిజన్‌లో ట్రాక్ నిర్వహణ పనిచేసే ఒక సోదరుని పది నెలల పాపకు ఇదే జరిగింది. వైద్యశాలలో పాప పేర ఒక ట్యూబు రాసి ఇచ్చేవారు. రెండు వారాలలో తగ్గేది. నెల తిరగకుండా మళ్లీ లేచేది. ఇలా మూడుసార్లు జరిగింది. ఈలోగా బంధువులు తల్లిని నిందించారు. శుభ్రత తెలియని పిల్ల అన్నారు. ఇరుగుపొరుగు పాపను ఎత్తుకోవడం మానుకున్నారు. నాలుగవసారి చూసిన వైద్యురాలు పాపను పరీక్షించి ఒకే ప్రశ్న అడిగారు: “రాత్రిపూట ఇంట్లో ఇంకా ఎవరెవరు గోక్కుంటున్నారు?” నానమ్మ వేళ్ల సందులలో, వరండాలో పడుకునే బాబాయి నడుము దగ్గర అవే పొక్కులు ఉన్నాయి. ఒకే రాత్రి అందరూ మందు పూసుకున్నారు. వారం తరువాత మరొకసారి పూసుకున్నారు. దానితో ఆ ఇంటి బాధ తీరింది. కాని కాంట్రాక్టు కింద పనిచేసే ఆ బాబాయి పేరు అన్నగారి వైద్య కార్డులో లేదు. అతని మందుకు శాఖలోని సోదరులు తలా కొంత వేసుకోవలసి వచ్చింది.

శుభ్రత మీద నింద, శాస్త్రం మాట

గజ్జి మురికివారి జబ్బు కాదు. చర్మానికి చర్మం ఎక్కువసేపు తగిలే చోట, ఒకే గదిలో ఎక్కువమంది పడుకునే చోట అది వ్యాపిస్తుంది. రెండవ ప్రపంచ యుద్ధకాలంలో కెన్నెత్ మెలాన్బీ అనే శాస్త్రజ్ఞుడు ఇంగ్లండులోని షెఫీల్డు నగరంలో, యుద్ధంలో పాల్గొనడానికి నిరాకరించిన శాంతివాదులు స్వచ్ఛందంగా ముందుకు రాగా, వారిపై పరిశోధన జరిపాడు. రోగులు వాడిన దుప్పట్లలో పడుకున్నవారికి గజ్జి సోకడం చాలా అరుదని, మనిషి నుండి మనిషికి నేరుగా సోకడమే ప్రధానమని అతడు తేల్చాడు. కనుక తల్లి ఎంత ఉతికినా ఆ ఉతుకుతో మాత్రమే గజ్జి పోదు. తల్లి ఉతకలేదు కనుక అది రాలేదు.

ఈ పురుగే గజ్జికి మూలమని 1687లో ఇటలీలో బొనోమో అనే వైద్యుడు ప్రకటించాడు. అతని దృష్టిని ఆకర్షించినది ఏమిటో తెలుసునా? పేద తల్లులు పిల్లల చర్మం నుండి గుండుసూది మొనతో ఈ పురుగులను తీయడం, లివోర్నో రేవులో బానిసలు ఒకరికొకరు అదే సాయం చేసుకోవడం. శ్రామికుల చేతులు కనిపెట్టిన సంగతినే ఆయన సూక్ష్మదర్శినిలో చూశాడు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2017లో గజ్జిని నిర్లక్ష్యానికి గురైన ఉష్ణమండల వ్యాధుల జాబితాలో చేర్చింది. గోకిన పుండ్లలో చీము పట్టి, ఆ సూక్ష్మక్రిముల వల్ల మూత్రపిండాలు దెబ్బతినే ప్రమాదం కూడా ఉంది. ఇది చిన్న జబ్బు కాదు.

చీటీ లేని ట్యూబు

డ్యూటీ దిగి వచ్చేసరికి వైద్యశాల మూతపడి ఉంటుంది. మెడికల్ షాపు తెరిచి ఉంటుంది. అక్కడ ‘దురదకు’ అని అడిగితే ఇచ్చే ట్యూబులో తరచుగా శక్తివంతమైన స్టిరాయిడ్ ఉంటుంది. అది ఎరుపును, దురదను అణచివేస్తుంది, పురుగును చంపదు. జబ్బు రూపం మారిపోయి వైద్యుడు కూడా గుర్తించడం కష్టమవుతుంది. పసిబిడ్డ పలుచని చర్మం ద్వారా ఆ మందు రక్తంలోకి చేరుతుంది. 2018లో కేంద్ర ప్రభుత్వం 14 రకాల స్టిరాయిడ్ పూతమందులను షెడ్యూల్ హెచ్ లో చేర్చి, వైద్యుని చీటీ లేకుండా అమ్మరాదని ఆదేశించింది. ఎగ్జిమా వంటి జబ్బులకు వైద్యుడు లెక్కగట్టి రాసిన స్టిరాయిడ్‌కు భయపడనక్కరలేదు. చీటీ లేని ట్యూబు మాత్రం బిడ్డకు పూయరాదు. ఒకప్పుడు గజ్జికి విరివిగా వాడిన గామా బెంజీన్ హెక్సాక్లోరైడ్ పసిబిడ్డలకు మూర్ఛ తెప్పించగలదు. పాత సీసా ఇంట్లో ఉంటే పారవేయండి.

నేడు ఎక్కువగా వాడే మందు 5 శాతం పెర్మెత్రిన్ క్రీము. రెండు నెలలు దాటిన బిడ్డలకు వైద్యుని సలహాతో వాడవచ్చు. అంతకు చిన్నవారికి, గర్భిణులకు ఏది వాడాలో వైద్యుడే నిర్ణయించాలి. దానిని పొక్కుల మీద మాత్రమే కాక ఒళ్లంతా, గోళ్ల కింద సహా, రాత్రి పూసి ఉదయం కడగాలి. పసిబిడ్డకు కళ్లు, నోరు తప్పించి తలకు, ముఖానికి కూడా పూయాలి. చేతులు నోట్లో పెట్టుకోకుండా మేజోళ్లు తొడగాలి. ఇంట్లో అందరూ, దురద ఉన్నా లేకున్నా, అదే రాత్రి పూసుకోవాలి. అంతకు ముందు మూడు రోజులు వాడిన బట్టలను వేడినీటిలో ఉతికి ఎండవేయాలి. పురుగు చచ్చిన తరువాత కూడా రెండు నుండి నాలుగు వారాలు దురద ఉండవచ్చు. భయపడి మందు పదేపదే పూయరాదు.

లెక్క చూడండి

పెద్దవారికి ఒకసారి పూతకు సుమారు 30 గ్రాముల మందు కావాలి. నలుగురు పెద్దలున్న ఇంటికి ఒక రాత్రికి 120 గ్రాములు. రెండవ పూతతో కలిపి 240 గ్రాములు. పిల్లల వంతు దీనికి అదనం. బిడ్డ పేర 30 గ్రాముల ట్యూబు ఒకటి చేతిలో పెట్టి పంపితే ఆ వైద్యం ఏమైనట్టు? తిరిగి తిరిగి ఇచ్చే ట్యూబుల ఖర్చు, పోయిన సెలవులు, పోయిన నిద్ర – ఇవన్నీ కలిపితే ఒకేసారి ఇంటిల్లిపాదికీ మందు ఇవ్వడమే పొదుపు.

మన కర్తవ్యం

అందువలన ఖరగ్‌పూర్ నుండి గుంతకల్లు దాకా తెలుగు కార్మికులున్న ప్రతి శాఖా ఈ క్రింది అంశాలపై తీర్మానాలు చేసి, ఆయా స్థాయిల చర్చలలో ప్రస్తావించాలని కోరుతున్నాను.

1. అంటే చర్మవ్యాధుల విషయంలో వైద్యశాలలు రోగిని కాక ఇంటిని ఒక యూనిట్‌గా పరిగణించాలి. కార్డులో పేరు లేకపోయినా ఆ ఇంట్లో నివసించే ప్రతివారికీ మందు ఇవ్వాలి.

2. మందు నిల్వ లేనప్పుడు స్థానికంగా కొని అదే రోజు అందించాలి.

3. క్వార్టర్లకు చాలినంత నీరు ప్రతిరోజూ అందాలి. నీళ్ల బిందె కోసం వరుసలో నిలబడే తల్లికి వేడినీళ్లతో ఉతకమని చెప్పడం పరిహాసం.

4. కాంట్రాక్టు పారిశుధ్య కార్మికుల కుటుంబాలకు, గ్రామీణ డాక్ సేవకుల కుటుంబాలకు ఈ చికిత్స అందాలి. వారి పిల్లలూ మన పిల్లలూ ఒకే వాకిట్లో ఆడుకుంటున్నారు. పురుగు గుర్తింపు కార్డు చూడదు.

5. మహిళా ఉద్యోగులకు, ఒంటరి తండ్రులకు సర్వీసు మొత్తంలో 730 రోజుల శిశు సంరక్షణ సెలవు ఉన్నది. కాని ఒక్కసారికి ఐదు రోజులకు తక్కువ ఇవ్వరాదన్న నిబంధన వల్ల ఒక పూట ఆసుపత్రికి వెళ్లడానికి అది ఉపయోగపడదు. అటువంటి పూటకు తల్లికైనా తండ్రికైనా ఆకస్మిక సెలవు నిరాకరించరాదని అధికారుల నుండి హామీ తీసుకోవాలి.

యాజమాన్యం చేయవలసినవి ఇవి. మనం చేయవలసినది కూడా ఉంది. కాలనీలో ఒక ఇంట్లో గజ్జి ఉందని తెలిసినప్పుడు ఆ గుమ్మం తొక్కడం మానుకోకండి. పక్క ఇళ్లవారితో మాట్లాడి, దురద ఉన్న ఇళ్లన్నీ ఒకే రాత్రి మందు పూసుకునేలా చూడండి. ఒక్క ఇల్లు మిగిలినా తక్కినవారి శ్రమ వృథా అవుతుంది. సమ్మెకు పిలుపు ఇచ్చినప్పుడు ఐక్యత అంటే ఏమిటో మనకు ఎవరూ నేర్పనక్కరలేదు. అదే క్రమశిక్షణ ఒక్క రాత్రి పాటు ఇక్కడ చూపితే చాలు.

రాబోయే శాఖా సమావేశంలో తలుపు దగ్గర ఒక సోదరి గొంతు తగ్గించి మాట్లాడితే, కార్యదర్శులు ఆమెను తిరిగి లోపలికి పిలిచి కూర్చోబెట్టాలి. ఆమె చెప్పినది పుస్తకంలో రాసుకోవాలి.

కార్మిక ఐక్యత వర్ధిల్లాలి!