ముసలివారికీ మంచుకొండలే

ఉగాది దాటగానే వేసవి సెలవుల తర్జనభర్జన మన ఇండ్లలో మొదలవుతుంది. స్విట్జర్లాండు మాట ఎత్తితే, "మంచుమీద జారే వయసా మాది?" అని పెద్దలు ఇంటికాపుకు సిద్ధపడతారు. మేము జెర్మాట్‌కు వెళ్ళమనేది వారికోసమే. 1620 మీటర్ల ఎత్తునున్న ఆ ఊళ్ళో పెట్రోలు కార్ల రొద లేదు. మేట్టుపాళయం నుంచి కూనూరుకు ఎక్కే బండివలె పళ్ళపట్టా పట్టుకొని పాకే రైలు అక్కడ 1898లోనే వేశారు. కూర్చున్నవారిని కూర్చున్నట్లే 3089 మీటర్ల గోర్నర్‌గ్రాట్‌కు చేరుస్తుంది. ఎదుట 4478 మీటర్ల మాటర్‌హార్న్! పిల్లలా, పైనున్న హిమానీనదంమీద మే నెలలోనూ స్కీలు తొడుక్కోవచ్చు. తక్కువ ఎత్తు ఊళ్ళలో అప్పటికి మంచుండదు. ఖర్చు మాత్రం గట్టిదే. అంత ఎత్తున గాలి పలుచన గనుక, గుండెజబ్బున్నవారు ముందు వైద్యుణ్ణి అడిగి, తరువాతనే టిక్కెట్టు కొనాలి.