ఘంటసాలవారి గీతా రికార్డు

గాయకుడు ఒక ఉద్దేశముతో పాడిన పాటను లోకము వేరొక పనికి వినియోగించుకొనుట కలదు. ఘంటసాల వేంకటేశ్వరరావుగారి భగవద్గీత రికార్డు విషయమున జరిగినది అదియే. తెలుగునాట ఏ వీథినుండియైనను ఆ గానము వినవచ్చినచో, పలువురు మొదట అడుగు ప్రశ్న “ఎవరు పోయినారు?” అనునదే. ఆ రికార్డును గూర్చి శ్రోతలతో నాలుగు మాటలు ముచ్చటింపదలచినాము.

ఘంటసాలవారు 1922లో గుడివాడ సమీపమునగల చౌటపల్లిలో జన్మించిరి. విజయనగరమున సంగీతము నేర్చి, పట్రాయని సీతారామశాస్త్రిగారికి శిష్యులైరి. 1942 ఉద్యమమున పాల్గొని కారాగారమునకును వెళ్ళిరి. పిమ్మట మద్రాసు చేరి, దాదాపు మూడు దశాబ్దములు చలనచిత్ర గానమున సాటిలేని కీర్తి నార్జించిరి.

పూర్వపు రికార్డు నిమిషమునకు 78 చుట్లు తిరుగునది. దాని ఒక ప్రక్కన మూడు నాలుగు నిమిషముల పాట మాత్రమే పట్టును. కరుణశ్రీగారి పుష్పవిలాపమును ఘంటసాలవారు అట్టి చిన్న రికార్డుతోనే ఇంటింటికిని చేర్చిరి. తరువాత వచ్చిన లాంగ్ ప్లే రికార్డు నిమిషమునకు 33 చిల్లర చుట్లు మాత్రమే తిరుగును. ఒక్కొక్క ప్రక్కన ఇరువది నిమిషముల గానము పట్టును. శ్లోకమును పాడి, ఒకింత ఆగి, దాని భావమును తెలుగున చెప్పుటకు ఇంతటి వ్యవధి కావలసియుండెను.

గీతయందు 700 శ్లోకములు గలవు. వానినుండి ఏరిన నూటికి పైబడిన శ్లోకములను, ఆరోగ్యము సరిగా లేని దినములలో ఆయన ఆలపించిరి. సంస్కృత శ్లోకమును, తెలుగు తాత్పర్యమును ఆ ఒక్క కంఠమే వినిపించును. చదువురాని వృద్ధురాలికి సైతము గీత వినదగినదైనది ఇందువలననే. హెచ్.ఎం.వి. వారి ఆ రికార్డు వెలువడునాటికి గాయకుడు లేరు. 1974 ఫిబ్రవరి 11న ఆయన పరమపదించిరి.

పిమ్మట క్యాసెట్లు వచ్చినవి; మైకులు పల్లెపల్లెకును చేరినవి. మృతి సంభవించిన ఇంటిముందర ఈ గానమును వినిపించుట ఆచారమైనది. దుఃఖములో నున్నవారికి అది ఊరట నిచ్చుచున్నది. దానిని మేము ఆక్షేపింపము. కాని నడియింటిలో ఎవరైన ఆ రికార్డు పెట్టబోయినచో “అశుభము, ఆపుము” అని పెద్దలే వారించుట మాకు చింత కలిగించుచున్నది. ఆ పిల్లలు గీతను విందురన్నచో ఏనాడు విందురు?

కృష్ణుడు గీతను బోధించినది విల్లు జారవిడిచి, చేయవలసిన పనియెదుట కూలబడిన మనుష్యునికి. ఫలము తన చేతిలో లేనంత మాత్రమున పని మానరాదని అందలి ఒక ముఖ్యబోధ. ఈ మాట మన రైతునకు క్రొత్తది కాదు. సిద్దిపేట జిల్లాలోని చంద్లాపూరు చెంత మూడు టి.ఎం.సి.ల రంగనాయకసాగరమునకు గోదావరి జలము ఎత్తిపోతలద్వారా చేరినది 2020లో. అంతకుముందు ఆ మెట్టప్రాంతమున వాన వచ్చునో రాదో తెలియకయే దుక్కి దున్ని విత్తనము వేసిన తరములు గతించినవి. అట్టివారు తమ చావునాడు కాక, నాగలి పట్టిననాడు వినదగినది ఈ గానము.

గ్రామఫోను నేడు అరుదైనను, ఆ గానము సెల్‌ఫోనులో సైతము లభించుచున్నది. ఆదివారమునాటి ఉదయమున ఇల్లంతయు కూడియుండగా రికార్డులో ఒక ప్రక్క భాగమును మాత్రము పెట్టి వినుడు. పిల్లలు తాత్పర్యములో తెలియని మాట అడిగినచో పెద్దలు చెప్పుడు. ఇరుగుపొరుగువారు “ఎవరు పోయినారు?” అని తొంగిచూచినచో, అందరును క్షేమమేయని చెప్పి, వారినికూడ కూర్చుండబెట్టుడు.