భుజం మీద ఏమీ లేని పోలీసు

ఈరోజు వీడియో ఒక చిన్న క్విజ్‌తో మొదలుపెడదాం. ఫోన్ పక్కన పెట్టకండి, గూగుల్ మాత్రం చేయకండి.

మీ ఏరియాలో ఒక పోలీసాయన కనిపించారు. భుజం మీద రెండు స్టార్లు, వాటి కింద ఎరుపు, నీలం రంగుల రిబ్బను. ఎవరాయన? ఎస్సై. కరెక్టే. మూడు స్టార్లు, అదే రిబ్బను? సీఐ. మూడు స్టార్లు ఉన్నాయి, రిబ్బను లేదు? ఇక్కడే చాలామంది బోల్తా పడతారు. ఆయన డీఎస్పీ. మూడు సింహాల గుర్తు, దానికి తోడు ఒక స్టార్ ఉంటే ఎస్పీ. సింహాల గుర్తు, దాని కింద అడ్డంగా కత్తీ దండమూ ఉంటే డీజీపీ. ఇంకో విషయం, ఆర్మీలో లెఫ్టినెంట్ జనరల్ భుజం మీద ఉండేదీ అదే గుర్తు. ఆర్మీ కెప్టెన్‌కీ, మన డీఎస్పీకీ కూడా ఒకే మూడు స్టార్లు.

లాస్ట్ ప్రశ్న. భుజం మీద డిపార్ట్‌మెంట్ పేరు అక్షరాలు తప్ప ఇంకేమీ లేవు. ఎవరు?

కానిస్టేబుల్. దేశంలో వంద మంది పోలీసుల్ని తీసుకుంటే కానిస్టేబుళ్లు, హెడ్ కానిస్టేబుళ్లు కలిపి 85 మందికి పైనే ఉంటారు. అంటే మనం "పోలీసులు" అని తిట్టినా పొగిడినా, ఎక్కువసార్లు మనకి ఎదురైన మనిషి ఈయనే. మరి పోలీసు సంస్కరణలు అని టీవీలో డిబేట్ పెడితే మాట్లాడేది ఎవరి గురించి? డీజీపీ నియామకం గురించి. ఈరోజు మనం కింది నుంచి చూద్దాం.

నాకు ఈ టాపిక్ ఎందుకో ముందే చెప్పేస్తా. మా బాబాయి కానిస్టేబుల్. ఇంటర్ పాసై 1983లో చేరారు. చిన్నప్పుడు మా ఇంటికొచ్చిన ఆయన ఫ్రెండ్స్ ఒకరినొకరు పేర్లతో కాకుండా నంబర్లతో పిలుచుకోవడం విన్నా. ప్రతి కానిస్టేబుల్‌కీ పీసీ నంబర్ ఉంటుంది. పాత సినిమాల్లో ఇన్‌స్పెక్టర్ నంబర్ పెట్టి అరిస్తే నిక్కరేసుకున్న కానిస్టేబుల్ పరిగెత్తుకుంటూ వస్తాడు చూడండి, మనం నవ్వుతాం. అదే ఫ్రేమ్‌లో ఇన్‌స్పెక్టర్‌కి ఫుల్ ప్యాంటు ఉంటుంది. నేను అది గమనించింది బీటెక్ అయ్యాక.

ఈ తేడా ఎక్కడి నుంచి వచ్చింది? 1857 తిరుగుబాటు తర్వాత బ్రిటిష్ వాళ్లు 1861లో పోలీసు చట్టం తెచ్చారు. ఐర్లాండ్‌ని అదుపులో పెట్టడానికి అక్కడ నడిపిన పోలీసు దళాన్ని చూసి ఇక్కడ కట్టుకున్న వ్యవస్థ అది. దొంగని పట్టుకోవడం కన్నా మళ్లీ తిరుగుబాటు రాకుండా చూడటం వాళ్లకి ముఖ్యం. అలాంటి దళంలో కింది మనిషి ఆలోచించాల్సిన పని లేదు, చెప్పింది చేస్తే చాలు. తర్వాత 1902లో ఫ్రేజర్ కమిషన్ వేశారు. పోలీసు శాఖ పరిస్థితి మీద అది గట్టిగానే రాసింది. కానీ మందుగా ఏం చెప్పింది? ఒక్కో స్థాయికి విడివిడిగా బయటి నుంచి డైరెక్ట్‌గా తీసుకోమంది. ఎస్సైలు వేరే, వాళ్ల పైన వాళ్లు వేరే.

ఇప్పటికీ అంతే కదా. ఇంటర్‌తో కానిస్టేబుల్, డిగ్రీతో ఎస్సై, గ్రూప్-1తో డీఎస్పీ, యూపీఎస్సీతో ఐపీఎస్. ఒకే బిల్డింగ్‌కి నాలుగు గేట్లు. మీరు ఏ గేట్లోంచి వచ్చారో దాదాపు ఆ ఫ్లోర్ దగ్గరే రిటైర్ అవుతారు. ఐటీలో రెండేళ్లు ప్రమోషన్ రాకపోతే మనం లింక్డ్‌ఇన్ అప్‌డేట్ చేస్తాం. మా బాబాయికి హెడ్ కానిస్టేబుల్ అవడానికి 22 ఏళ్లు పట్టింది.

సరే, అప్పట్లో చదువు తక్కువ అనుకుందాం. ఇప్పుడు? కానిస్టేబుళ్ల పాసింగ్ అవుట్ పరేడ్ వార్తలు చూడండి, బ్యాచ్‌లో బీటెక్‌లు ఎంతమంది, పీజీలు ఎంతమంది అని రాస్తారు. గర్వంగా రాస్తారు. చదివినప్పుడల్లా నాకు ఒక డౌట్: వాళ్లతో ఏం చేయిస్తున్నారు? బందోబస్తు, సెంట్రీ, సమన్లు అందించడం, వీఐపీ రూట్‌లో ఎండలో నిలబడటం.

ఇక్కడ చట్టంలో ఒక లైన్ చెప్తా, ఎందుకంటే ఇది మీకూ నాకూ డైరెక్ట్‌గా తగులుతుంది. స్టేషన్ ఇన్‌చార్జ్ లేనప్పుడు ఆ బాధ్యత ఎవరిది? తర్వాతి ర్యాంకులో అక్కడున్న అధికారిది. కానీ ఆయన కానిస్టేబుల్ కంటే పై ర్యాంకు అయ్యుండాలి. ప్రభుత్వం ప్రత్యేకంగా చెప్తే తప్ప కానిస్టేబుల్ ఆ కుర్చీలోకి రాలేడు. పాత సీఆర్‌పీసీలో ఉన్న మాట ఇది, 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన బీఎన్‌ఎస్‌ఎస్‌లోనూ ఉంది. ఇప్పుడు గుర్తు చేసుకోండి. రాత్రి 11కి ఫోన్ పోయిందనో, బండి పోయిందనో స్టేషన్‌కి వెళ్లారు. "ఎస్సై గారు లేరు, పొద్దున్నే రండి." చాలాసార్లు అది సాకే, నేను కాదనను. కానీ ఆ సాకుకి వేరు చట్టంలోనే ఉంది. ఎదురుగా కూర్చున్న మనిషి ఎంటెక్ చదివినా సరే, కంప్లైంట్ మీద సొంతంగా నిర్ణయం తీసుకునే మనిషిగా సిస్టమ్ ఆయన్ని చూడదు.

ఇప్పుడు సామాన్ల సంగతి. త్రీ నాట్ త్రీ రైఫిల్ పేరు వినే ఉంటారు. రెండు ప్రపంచ యుద్ధాల్లోనూ వాడిన డిజైన్. ఒక్కో బుల్లెట్‌కీ బోల్ట్ లాగాలి. 1962 చైనా యుద్ధం తర్వాత మన ఆర్మీ దాన్ని పక్కన పెట్టి సెల్ఫ్ లోడింగ్ రైఫిల్‌కి మారింది. ఉత్తరప్రదేశ్ పోలీసులు దానికి అధికారికంగా వీడ్కోలు చెప్పింది ఎప్పుడో తెలుసా? 2020లో. రిపబ్లిక్ డే పరేడ్‌లో చివరిసారి మోశారు.

మధ్యలో 2008 నవంబర్ 26 వచ్చింది. ముంబై సీఎస్‌టీ స్టేషన్‌లో ఏకే-47లతో ఇద్దరు దిగితే, ఎదురుగా రైల్వే పోలీసుల దగ్గర ఉన్నవి పాత రైఫిళ్లు, లాఠీలు. ఆ రాత్రే గిర్గావ్ చౌపాటీ దగ్గర తుకారాం ఓంబ్లే కసబ్ తుపాకీ గొట్టాన్ని పట్టుకుని వదల్లేదు. ఒంట్లోకి బుల్లెట్లు దిగుతున్నా వదల్లేదు. ఆయన చేతిలో ఉన్నది లాఠీ. కసబ్ ప్రాణాలతో దొరికాడంటే అందుకే. ఓంబ్లే ర్యాంకు ఏఎస్సై, ఒక్క స్టార్. చనిపోయాక అశోక చక్ర ఇచ్చారు. ఆ కథని మనం రీల్స్‌లో బ్యాక్‌గ్రౌండ్ మ్యూజిక్ వేసి షేర్ చేస్తాం. నాకు ఆ కథ వింటే ముందు కోపం వస్తుంది. లాఠీతో ఎందుకు పంపారు అని.

మంచి సామాన్లు, మంచి ట్రైనింగ్ ఇవ్వడం మనకి రాదా అంటే, వచ్చు. 1989లో కె.ఎస్. వ్యాస్ ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో గ్రేహౌండ్స్ పెట్టారు. అడవి యుద్ధానికి ఎలా తయారు చేయాలో నేర్చుకోవడానికి వేరే రాష్ట్రాల వాళ్లు హైదరాబాద్ వచ్చేవాళ్లు. ఆ దళం చేసిన పనుల మీద వేరే చర్చ ఉంది, అది ఇంకో వీడియో. నా పాయింట్ ఏంటంటే, అవసరం అనుకున్న చోట డబ్బు, ట్రైనింగ్ రెండూ వచ్చాయి. మామూలు స్టేషన్ కానిస్టేబుల్ దగ్గరికి రాలేదు.

ఇంకో సామాను ఉంది. మీ చేతిలో ఉన్నదే. కొత్త చట్టం ప్రకారం సోదా చేసినా, ఏదైనా స్వాధీనం చేసుకున్నా ఆడియో, వీడియో రికార్డు చేయాలి, వీలైతే మొబైల్ ఫోన్‌తోనే. దానికి ఈ-సాక్ష్య అని యాప్ కూడా ఉంది. చాలా మంచి రూల్. నా లోపలి ఇంజనీరు మాత్రం వెంటనే అడిగాడు: ఎవరి ఫోన్? ఎవరి డేటా? ఫ్యామిలీ ఫొటోలున్న ఫోన్‌లో క్రైమ్ సీన్ వీడియో తీస్తే, రేపు కోర్టులో ఆ ఫోన్‌ని ఎవిడెన్స్‌గా అడిగితే? నేను ఉద్యోగంలో చేరిన మొదటి రోజే కంపెనీ ల్యాప్‌టాప్ ఇచ్చింది, సొంత మెషీన్‌లో కోడ్ పెడితే ఊరుకోమంది. బాబాయి అయితే లాస్ట్ కొన్నేళ్లు స్టేషన్ వాట్సాప్ గ్రూప్ అంతా సొంత ఫోన్‌లోనే, బండి పెట్రోల్ కూడా ఎక్కువసార్లు సొంత జేబే.

సుప్రీంకోర్టు చెప్పింది కదా అంటారు. చెప్పింది. రిటైర్డ్ డీజీపీ ప్రకాశ్ సింగ్ 1996లో కేసు వేస్తే 2006 సెప్టెంబర్ 22న తీర్పు వచ్చింది. ఏడు ఆదేశాలు. డీజీపీని పద్ధతి ప్రకారం ఎంచుకోవాలి, రెండేళ్లు కదపకూడదు. స్టేషన్ అధికారికీ రెండేళ్లు గ్యారంటీ. దర్యాప్తు వేరు, లా అండ్ ఆర్డర్ వేరు చేయాలి. పోలీసుల మీద ఫిర్యాదులకి ప్రత్యేక అథారిటీ ఉండాలి. ఇవన్నీ కావాలి, ఇరవై ఏళ్లకి కూడా రాష్ట్రాలు సాకులు వెతుకుతున్నాయంటే ఎంత అవసరమో అర్థం చేసుకోండి. కానీ ఏడూ చదివితే ఒకటి కనిపిస్తుంది. అవి రాజకీయ నాయకుడికీ ఆఫీసర్‌కీ మధ్య గోడ కట్టే ప్రయత్నం. కానిస్టేబుల్ ఎన్ని గంటలు పని చేయాలి, ఎన్నేళ్లకి ఒక మెట్టు ఎక్కాలి అన్నది అందులో లేదు.

గంటలు అన్నా కదా. 2019లో కామన్ కాజ్, లోక్‌నీతి-సీఎస్‌డీఎస్ కలిసి 21 రాష్ట్రాల్లో దాదాపు 12 వేల మంది పోలీసుల్ని అడిగారు. సగటున రోజుకి 14 గంటల డ్యూటీ. సగం మందికి వారానికి ఒక్క సెలవు కూడా లేదు. అదే ఏడాది జూన్‌లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం పోలీసులకి వీక్లీ ఆఫ్ ప్రకటించింది. వీకాఫ్ అనేది ఒక వార్త అయిందంటే చూడండి. బాబాయి అప్పుడు రిటైర్‌మెంట్‌కి దగ్గర్లో ఉన్నారు. "ఏరా, ఇప్పుడు ఆదివారం ఇస్తే ఏం చేసుకోవాలో కూడా తెలీదురా" అన్నారు.

ఇక్కడ కామెంట్స్‌లో ఒకటి కచ్చితంగా వస్తుంది, నేనే ముందు చెప్తా. "బ్రో, లాక్‌డౌన్‌లో వాళ్లు కొట్టింది మర్చిపోయావా?" మర్చిపోలేదు. నిద్ర లేదని ఎవరి చెంపా పగలగొట్టే హక్కు రాదు. లాకప్‌లో మనిషి చనిపోతే దానికి 14 గంటల డ్యూటీ సమాధానం కాదు. ప్రతి స్టేషన్‌లో సీసీ కెమెరాలు ఉండాలని సుప్రీంకోర్టు 2020 డిసెంబర్‌లో చెప్పింది, అవి పని చేస్తున్నాయా అని మనం అడుగుతూనే ఉండాలి. నేనంటున్నది వేరు. పైవాడు తిడితే పడాలి, ఎదురు చెప్పకూడదు, సెలవు అడగకూడదు అని 30 ఏళ్లు నేర్పిన మనిషిని తీసుకొచ్చి, నువ్వు మాత్రం పబ్లిక్‌తో మర్యాదగా ఉండు అంటే, ఆ మర్యాద ఆయనెక్కడ చూశాడు?

ఎదురు చెప్పకూడదు అన్నది మాటవరసకి అనలేదు. 1966లో పార్లమెంటు ఒక చట్టం చేసింది. దాని ప్రకారం పోలీసులు అనుమతి లేకుండా యూనియన్ పెట్టుకోకూడదు, అందులో చేరకూడదు. ఆయుధాలు చేతిలో ఉన్నవాళ్లు సమ్మె చేస్తే ప్రమాదం, ఆ వాదన నాకూ అర్థమవుతుంది. కానీ సమ్మె వద్దు అనడం ఒకటి, మాట్లాడే చోటే లేకుండా చేయడం ఇంకోటి. 2024 అక్టోబర్‌లో తెలంగాణలో ఏం జరిగిందో గుర్తుందా? స్పెషల్ పోలీస్ బెటాలియన్ల కానిస్టేబుళ్ల భార్యలు రోడ్డెక్కారు. పిల్లల్ని ఎత్తుకుని వచ్చారు. సెలవుల మీద వచ్చిన ఒక ఉత్తర్వుతో మొదలై, "ఏక్ పోలీస్" కావాలనే దాకా వెళ్లింది. అంటే సివిల్, ఏఆర్, బెటాలియన్ అని విడగొట్టకుండా అందరినీ ఒకే పోలీసుగా చూడమని. భర్తలు నోరు తెరవలేరు కాబట్టి భార్యలు వచ్చారు. తర్వాత కానిస్టేబుళ్లు కూడా నిరసనల్లోకి దిగారు. 39 మందిని సస్పెండ్ చేశారు, 10 మందిని ఉద్యోగంలోంచి తీసేశారు. క్రమశిక్షణ ముఖ్యమే. కానీ ఆ ఆడవాళ్లు ఆ మాట లోపల ఎవరికైనా చెప్పుకునే దారి ఉండుంటే రోడ్డు మీదికి వచ్చేవాళ్లా?

చిన్న మార్పులు రావడం లేదని కాదు. 2025 అక్టోబర్‌లో కర్ణాటక తన కానిస్టేబుళ్లకి పాత వంపు టోపీ తీసేసి నేవీ బ్లూ పీక్ క్యాప్ ఇచ్చింది, మన తెలంగాణ మోడల్ చూసి. అంతకుముందు ఆఫీసర్‌కి ఒక రకం, కానిస్టేబుల్‌కి ఒక రకం. టోపీతో ఏమవుతుంది అని నేనూ నవ్వా మొదట. బాబాయికి ఆ వీడియో ఫార్వర్డ్ చేస్తే వెంటనే ఫోన్ చేశారు. ఎండలో ఆ టోపీ బరువు ఎంతుంటుందో అని అడిగారు. నాకు తెలీదు అన్నా. "అది కనుక్కోకుండా వీడియో ఏం చేస్తావురా" అన్నారు.

బాబాయి 2019 చివర్లో రిటైర్ అయ్యారు. దానికి నాలుగు నెలల ముందు ఏఎస్సై ఇచ్చారు. 36 ఏళ్ల సర్వీసులో ఆ ఒక్క స్టార్‌తో ఆయన డ్యూటీ చేసింది నాలుగు నెలలు, అందులో నెలన్నర మెడికల్ లీవ్. యూనిఫాం తిరిగిచ్చేశారు కానీ స్టార్లు మాత్రం ఉంచుకున్నారు. పిన్ని వాటిని బీరువాలో బంగారం డబ్బాలో పెట్టింది. ఈ వీడియోకి థంబ్‌నెయిల్‌లో కనిపిస్తోంది చూడండి, అవే.

మీ ఇంట్లో పోలీసులు ఉంటే వాళ్లు చేరినప్పుడు ఏ ర్యాంకు, ఇప్పుడు ఏ ర్యాంకు, మధ్యలో ఎన్నేళ్లు పట్టింది, ఈ మూడే కామెంట్‌లో రాయండి. పేరు, స్టేషన్ మాత్రం వద్దు, వాళ్ల ఉద్యోగానికి ఇబ్బంది. నెక్స్ట్ ఎపిసోడ్‌లో హోంగార్డుల గురించి మాట్లాడదాం, వాళ్లకి ఈ మెట్లు కూడా లేవు. ఉంటా.