రంగస్థలమునకు స్నాతకోత్తర విద్య
(కోలారులో మన సంఘ సమావేశమున చేసిన ప్రసంగము)



మనవారిలో పట్టభద్రుడైన యువకుడొకడు పద్యనాటకమే వృత్తిగా గైకొందునని మా యొద్దకు వచ్చినాడు. తల్లిదండ్రులు దిగులుపడుచున్నారు. ఇరువది యేండ్లనాడు ఇట్టి కంఠమే గల మా తమ్ముని మేమే మందలించి అంగడిలో గల్లాపెట్టె యొద్ద కూర్చుండబెట్టితిమి. వాడు మరల హార్మోనియము ముట్టలేదు. అందుచేత ఈ పర్యాయము విచారించి మాటలాడుచున్నాము.

పూర్వము ఈ విద్యకు నాటక సమాజమే కళాశాల. 1885లో కడప జిల్లా సురభి గ్రామమున పుట్టిన సమాజములో పిల్లలు తెరవెనుకనే పెరిగి పాట, మాట, అభినయము నేర్చిరి. మన కన్నడ సీమయందు బి.వి. కారంత్ బాల్యముననే గుబ్బి వీరణ్ణగారి కంపెనీలో చేరి, పిదప ఢిల్లీలోని జాతీయ నాటక విద్యాలయమున శిక్షణ పొంది, 1977లో దానికే సంచాలకులైరి. 1990ల దశకమున సురభివారిచేత నాటకములు ఆడించినవారును వారే. కంపెనీ చదువు, కళాశాల చదువు రెండును వారికి అక్కరకు వచ్చినవి.

నేడు హైదరాబాదు విశ్వవిద్యాలయమున రంగస్థల కళలలో రెండేండ్ల ఎం.పి.ఎ. చదువు గలదు. నటన, దర్శకత్వము, రంగాలంకరణ, దీపముల అమరిక అచ్చట నేర్వవచ్చును. రాగమెత్తి పద్యము పాడుట మాత్రము గురువు చెంత ముందుగానే సాధించి పోవుట మేలు. తరువాత జీతము నిశ్చయమని మేము చెప్పజాలము. ఉపాధ్యాయుడుగానో, దర్శకుడుగానో, చలనచిత్రములందో జీవిక వెదకుకొనవలసియుండును. ఈ మాట ఆ తల్లిదండ్రులకును దాచక చెప్పితిమి.

కావున ఆ యువకునికి పద్యము నేర్పుటకై హార్మోనియం గురువునకు సంఘనిధి నుండి ఒక యేడాది వేతనమిచ్చుటకు సభవారి అనుమతి కోరుచున్నాము. మొదటి మూడు మాసముల వేతనము మా అంగడి లెక్కలో వ్రాసికొనుడు.