నాన్నమ్మ అడిగిన ప్రశ్న

(నౌపడలో ఆదివాసీ దినోత్సవ సభలో చేసిన ప్రసంగం)

వేదిక మీదున్న పెద్దలకు, కొండ దిగి వచ్చిన అన్నదమ్ములకు, అక్కచెల్లెళ్లకు, ముందు వరసలో కూర్చున్న మా హాస్టల్ పిల్లలకు నమస్కారం. చర్చి నుంచి వచ్చినవాళ్లకు వందనాలు. ఈ రెండు మాటలూ ఒకే నోటితో చెప్పే మనిషిని కాబట్టే నన్ను మాట్లాడమన్నారు. సవర పిల్ల క్రైస్తవురాలు ఎలా అయింది, అయ్యాక సవర పిల్లగా మిగిలిందా లేదా? ఇదీ నాకిచ్చిన విషయం.

నౌపడ అంటే మా కొండవాళ్లకి ఉప్పు, రైలు. మా తాత చింతపండు, కొండచీపుర్లు మోసుకుని దిగేవాడు, ఉప్పు మోసుకుని ఎక్కేవాడు. ఇక్కడి నుంచి పర్లాకిమిడికి చిన్నరైలు 1900లో వచ్చింది. 1931లో గుణుపురం దాకా వెళ్లింది. పర్లాకిమిడిలో మేష్టారుగా పనిచేసిన గిడుగు రామమూర్తి గారు మన భాష నేర్చుకుని, మన పిల్లలకి వాచకాలు రాసి, 1931లో వ్యాకరణం, 1938లో నిఘంటువు తెచ్చారు. కెనడా బాప్టిస్టు మిషనరీలు కూడా సవర కొండలకి వచ్చి, సెరంగోలో ఆసుపత్రి పెట్టారు.

మా నాన్నమ్మ కుడాన్. చచ్చిపోయినవాళ్లు ఆమె నోటితో మాట్లాడేవారు. వాళ్లని మనం సోనుం అంటాం. చనిపోయిన అత్త వచ్చి, "నాకు జ్వరమొస్తే పట్టించుకోలేదేం?" అని కొడుకుని నిలదీసేది. కొడుకు ఏడ్చేవాడు, జవాబు చెప్పేవాడు. తెల్లారేసరికి ఇద్దరికీ మనసు తేలికయ్యేది. అది మూఢనమ్మకం అని నేను చాలా ఏళ్లు అన్నాను. ఈ రోజు అనను.

కానీ నా భయం కూడా నిజమే. మా అన్నకి జ్వరం వస్తే కోడి, ఆ తర్వాత మేక, ఆ తర్వాత దున్న కోశారు. దున్న కోసం షావుకారు దగ్గర అప్పు చేశారు. అన్న బతకలేదు. అప్పు మిగిలింది. రాత్రి బయటికి వెళ్లాలంటే నాకు వణుకు. ఏ చెట్టు దగ్గర ఏ సోనుం పట్టుకుంటుందో అని.

ఇంటర్ చదువుతుండగా ఒక స్నేహితురాలి వెంట ఆదివారం ప్రార్థనకి వెళ్లాను. బళ్లో సవర మాట్లాడితే వెక్కిరించేవారు. అక్కడ ఒక ముసలాయన పుస్తకం తెరిచి మన భాషలో చదివాడు. అచ్చులో మన మాటని చూడడం నాకదే మొదటిసారి. దేవుడికి సవర వచ్చు అనిపించింది. నవ్వకండి, నా విశ్వాసం అక్కడే మొదలైంది. ఆ రాత్రి ఒక్కదాన్నే చీకట్లో నూతి దాకా నడిచి వెళ్లి నీళ్లు తెచ్చుకున్నాను. వణుకు రాలేదు. మరుసటి ఏడాది గెడ్డలో బాప్తిస్మం తీసుకున్నాను. బియ్యం, డబ్బు ఎవరూ ఇవ్వలేదు. మా అమ్మానాన్నలు కూడా ఆ తర్వాత వచ్చారు. నాన్న సారా మానేశాడు, మూడేళ్లలో అప్పు తీరింది.

అదే ఊపులో నేనొక పని చేశాను. గోడ మీది ఎడిసింగ్ బొమ్మల మీద సున్నం కొట్టేశాను. నాన్నమ్మ చూస్తూ కూర్చుంది. తిట్టలేదు. "నేను చచ్చాక నాతో ఎవరు మాట్లాడతారే?" అని అడిగింది. నా దగ్గర వాక్యం ఉంది గానీ జవాబు లేదు.

నేను బి.ఎడ్. చదువుతుండగా ఆమె పోయింది. కాల్చలేదు, పాతిపెట్టి శిలువ నిలబెట్టాం. గువార్ చేసి రాయి నాటలేదు. ఆమె ఎప్పుడూ శిలువ కోరలేదు. మనవరాలిగా అది నా తప్పు. నన్ను క్షమించమని అడగడానికి ఆమె లాంటి మనిషి ఊళ్లో మరొకరు లేరు.

మూడేళ్ల క్రితం మా హాస్టల్లో తొమ్మిదో తరగతి పిల్ల నా దగ్గరికి వచ్చింది. వాళ్లు పాత ఆచారం వాళ్లు. తల్లి గువార్‌కి వెళ్లాలంది. పరీక్షలు దగ్గర పడ్డాయి. సెలవిచ్చి, నేనూ వెంట వెళ్లాను. నేను బలిలో చెయ్యి వెయ్యలేదు, నా మనసుకి అది కుదరదు. కానీ రాయి నిలబెట్టేదాకా ఆ పిల్ల చెయ్యి వదలలేదు. తిరిగొచ్చి పరీక్షలు బాగానే రాసింది.

కొందరు "మతం మారితే ఎస్టీ కాదు" అంటున్నారు. 1950 నాటి షెడ్యూల్డ్ కులాల ఉత్తర్వులో మతం షరతు ఉంది. అదే ఏడాది వచ్చిన షెడ్యూల్డ్ తెగల ఉత్తర్వులో ఆ షరతు లేదు. మన తెగ మన పుట్టుకలో, మాటలో ఉంది. అలాగని చర్చిలో ఉన్న మనం కూడా ఒకటి ఒప్పుకోవాలి. సైతానుదని చెప్పి డప్పు, పాట, బొమ్మ అన్నీ ఒకే మూటలో పారేశాం. అంత అవసరం లేకపోయింది.

నేను ప్రభుత్వ హాస్టల్ వార్డెన్‌ని. అక్కడ నా మతం చెప్పను, ఎవరి మతాన్నీ తక్కువ చెయ్యనివ్వను. కానీ ఆదివారం సాయంత్రాలు పిల్లల చేత వాళ్ల అవ్వాతాతల పేర్లు, వాళ్ల పాటలు సవరలోనే నోటుబుక్కులో రాయిస్తున్నాను. మొదటి పేజీలో మా నాన్నమ్మ పేరు నేనే రాశాను. ఆమె ప్రశ్నకి అది జవాబు కాదని తెలుసు. ఆదివారం వచ్చినప్పుడల్లా ఆ పేరు పైకి చదువుతాను.

మీ ఇళ్లల్లో ముసలివాళ్లు ఇంకా ఉంటే, ఏ మతమైనా సరే, ఇంటికెళ్లి ఈ రాత్రే వాళ్లతో మాట్లాడండి. సెలవు.